మైలాపూరులో 1900–1940 నాటి ఇళ్లు: వీధి ముఖం ఒక కాలానిది, పైకప్పు మరొక కాలానిది

ముంగిలి

అందరికీ నమస్కారం. చెన్నై మైలాపూరులో, లజ్ కూడలి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలో, మా నాన్నగారి మేనత్త ఉన్న ఇల్లు ఇప్పుడు మా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల చేతికి వచ్చింది. వీధిలో నిలబడి చూస్తే అది 1930లలో వచ్చిన ఆర్ట్ డెకో (జ్యామితి ఆకారాల అలంకరణ) శైలి ఇల్లే. పిట్టగోడ మెట్లు మెట్లుగా లేచి మధ్యలో 1938 అన్న అంకెలు పోతపోసి ఉన్నాయి. మేడ మీది వసారా మూల గుండ్రంగా తిరుగుతుంది, కిటికీల పైన చజ్జా (నీడనిచ్చే పలక) గోడ పొడవునా ఒకే పట్టీగా సాగుతుంది, ఇనుప కమ్ములు ఉదయించే సూర్యుడి కిరణాల ఆకారంలో ఉన్నాయి.

గుమ్మం దాటితే అది వేరే ఇల్లు. నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ నున్నని చెక్క స్తంభాలు, టేకు దూలాల మీద మద్రాసు మిద్దె (ఇటుక, సున్నంతో వేసిన చదునైన కప్పు), వెనుక గిలక బావి ఉన్నాయి. 1912 ప్రాంతంలో కట్టారని పెద్దలు చెప్పేవారు. ఒక కాంట్రాక్టరు ముందు భాగాన్ని ఉంచి వెనుకదంతా తీసేయమంటున్నారు. మరొకరు ముందు భాగం తర్వాత అతికించినది కాబట్టి దానికి విలువ లేదని, పోతే అదే పోవాలని అంటున్నారు. ఈ ఇంటిని ఏ శైలి కింద లెక్కించాలి? మేడ వసారాకు ఆనుకుని ఉన్న గదిలో ప్రతి వానాకాలం కప్పు కారుతోంది, దానికి ఏం చేయాలి? తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాలుగు_మాడవీధులు

ముంగిలి గారూ, మీరు వర్ణించిన ఇల్లు మైలాపూరులో అరుదైనది కాదు. కపాలీశ్వరస్వామి ఆలయం చుట్టూ ఉన్న మాడవీధులలోనూ వాటి సందులలోనూ పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నాను. ఈ పేటలో 1900–1940 మధ్య 40 ఏళ్లలో మూడు రకాల ఇళ్లు పక్కపక్కనే ఉండేవి. గుడి దగ్గర పక్కింటి గోడతో గోడ కలిసిన వరుస ఇళ్లు, వాటి ముందు అరుగులు. లజ్ చర్చి రోడ్డు వైపు వెళితే విశాలమైన ఆవరణల మధ్య తోట బంగళాలు. 1930ల నుంచి ఈ రెండింటి మధ్య సందులలో, ఒక కుటుంబానికి సరిపడే మేడ ఇళ్లు.

ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలలో అరవైమూడు మంది నాయనార్ల (శివభక్తుల) ఊరేగింపు రోజున ఆ అరుగుల మీద కూర్చున్నవారికి అవి వట్టి అలంకారం కావని తెలుస్తుంది. బాటసారులు కూర్చునేది, పిల్లలు చదువుకునేది, వచ్చినవారితో మాట్లాడి పంపేది అక్కడే. మీ ఇంటికి 1938కి ముందు తప్పకుండా అరుగు ఉండి ఉంటుంది. ఇప్పుడు వాహనం ఆగే పోర్టికో ఉన్నచోటే అది ఉండేదని నా అంచనా.

రేఖాచిత్రం

నేను వాస్తుశిల్పిని. పాత ఇళ్ల కొలతలు తీసి పటాలు గీయడం నా వృత్తిలో ఒక భాగం. ముంగిలి గారి ప్రశ్నకు ముందు ఒక మాట చెప్పాలి. ఈ కాలపు ఇంటిని దాని ముఖం చూసి ఒక శైలి పేరుతో పిలవడం మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఇంటిని నాలుగుగా విడదీసి చదవాలి. గదుల అమరిక ఒకటి, పైకప్పు ఒకటి, తలుపులు కిటికీలు ఒకటి, వీధి ముఖం ఒకటి. ఈ నాలుగూ ఒకే వేగంతో మారలేదు. ముఖం పదేళ్లకు ఒకసారి మారింది, అమరిక మాత్రం రెండు మూడు తరాల పాటు అలాగే నిలిచింది.

దీనికి కారణం స్థలం ఆకారంలో ఉంది. గుడి చుట్టుపక్కల స్థలాలు వీధి వైపు ఇరుకుగా, లోపలికి చాలా పొడవుగా ఉంటాయి. రెండు పక్కల గోడలూ పొరుగువారితో కలిసినవి కనుక పక్క కిటికీలకు తావు లేదు. వెలుతురు, గాలి, వాన నీరు అన్నీ ఇంటి మధ్యలోని ముంగిలి గుండానే రావాలి. అందుకే వీధి వైపు ముఖాన్ని ఎంత కొత్తగా దిద్దుకున్నా ముంగిలిని పూడ్చడం ఎవరికీ సాధ్యం కాలేదు. పూడ్చితే మధ్య గదులు చీకటి కొట్లవుతాయి.

ఇదే నగరంలో త్యాగరాయనగరాన్ని చూడండి. 1920లలో మాంబళం వైపు పెద్ద చెరువును పూడ్చి, 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చిన తర్వాత వేసిన పేట అది. పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు పెట్టారు. అక్కడ ప్రతి స్థలంలోనూ ఇంటికి నాలుగు వైపులా ఖాళీ ఉంచారు కాబట్టి ప్రతి గదికీ బయటి గోడలోనే కిటికీ దొరికింది, నడిమి ముంగిలి అవసరం తీరిపోయింది. ఒకే దశాబ్దంలో ఒకే మేస్త్రీలు కట్టిన ఇళ్లు అయినా మైలాపూరులో ముంగిలితోనూ త్యాగరాయనగరంలో ముంగిలి లేకుండానూ ఉండటం ఫ్యాషన్ వల్ల జరగలేదు, స్థలాన్ని విభజించిన తీరు వల్ల జరిగింది.

కోనసీమ_లోగిలి

మా వైపు మండువా లోగిళ్లలోనూ నడుమ ఆకాశం కనిపిస్తుంది కదా, మరి తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. గోదావరి జిల్లాల లోగిలి సాధారణంగా పెరడు మధ్య విడిగా నిలబడుతుంది. నాలుగు వైపుల పెంకుల కప్పులూ మండువా వైపు వాలి, వాన నీరు నాలుగు చూరుల నుంచి లోపలికే పడుతుంది. మైలాపూరు వరుస ఇంట్లో ముంగిలి చుట్టూ చిన్న పెంకుల వాలు ఉన్నా మిగిలిన కప్పు చదునైన మిద్దే. కప్పు ఎక్కి నడవవచ్చు, వడియాలు ఎండబెట్టవచ్చు, వేసవి రాత్రి పడుకోవచ్చు.

రెండింటినీ కలిపేది కలప. కాకినాడ రేవు నుంచి రంగూనుకు మనవాళ్లు వేల సంఖ్యలో వెళ్లిన రోజులలో బర్మా టేకు తూర్పు తీరమంతటా దిగేది. మద్రాసు మిద్దె దూలాలకూ మా లోగిళ్ల స్తంభాలకూ వాడినది చాలావరకు ఆ టేకే.

డంగుసున్నం

ప్రజాపనుల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించాను. పాత కట్టడాల మరమ్మతులు దగ్గర నుంచి చూశాను. మద్రాసు మిద్దె ఎలా కట్టేవారో తెలియకపోతే అది ఎందుకు కారుతుందో అర్థం కాదు కనుక వివరంగా రాస్తాను.

గోడ నుంచి గోడకు సుమారు ఒకటిన్నర అడుగు ఎడంతో టేకు దూలాలు వేస్తారు. వాటి మీద చిన్న పలుచని ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, దూలాలకు ఏటవాలుగా వరుసలు వరుసలుగా సున్నంతో అంటిస్తూ పోతారు. కింద చెక్క పలకల ఆధారం అవసరం ఉండదు, ఎందుకంటే ప్రతి ఇటుకా ముందు వరుసను పట్టుకుని నిలుస్తుంది. అది గట్టిపడ్డాక ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటును మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీటిని చల్లుతూ చెక్క కొట్టుడు పలకలతో రోజుల తరబడి కొట్టించేవారు. వరుసగా కూర్చున్న ఆడకూలీలు పాట పాడుతూ ఆ లయలో కొట్టేవారు. కొట్టిన కొద్దీ అందులోని నీరు పైకి తేలి, పొర బిగుసుకుంటుంది. ఆ పైన పలుచని పలక ఇటుకలను సున్నంతో పరిచి, నీరు పోయేందుకు వాలు ఇచ్చేవారు.

ఈ కప్పు తడిని కొంచెం పీల్చుకుని ఎండలో విడిచిపెడుతుంది. అదే దాని బలం. మీ ఇంటి మిద్దె మీద గత నలభై యాభై ఏళ్లలో ఎవరైనా సిమెంటు పూత వేశారా అన్నది ముందు చూడండి. సిమెంటు పొర పగిలిన చోట నీరు లోపలికి దిగుతుంది, తిరిగి ఆవిరై పోవడానికి దారి ఉండదు. ఆ తడి పక్కకు పాకి గోడలో పొదిగిన దూలాల చివరలకు చేరుతుంది. గది మధ్యలో దూలం ఇనుములా ఉండి, గోడలోని జానెడు మాత్రం పిండిలా రాలిపోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

మారేడుపల్లి

సికింద్రాబాదులో ఉంటాను. మీరు చెబుతున్న మిద్దె మా పేటలోని కొన్ని పాత బంగళాలలోనూ ఉంది. కానీ నాకు ఒక సందేహం. వెనుక భాగం 1912, ముఖం 1938 అయితే, ముఖం వట్టి ముసుగు అనుకోవచ్చు కదా? అసలు ఇంటిని కాపాడుకోవడానికి ముసుగు తీసేయమన్న రెండో కాంట్రాక్టరు మాటలో న్యాయం ఉందనిపిస్తోంది.

రేఖాచిత్రం

మారేడుపల్లి గారూ, ఈ విషయంలో మీతో గట్టిగా విభేదిస్తాను. 1938 నాటి ఆ భాగాన్ని ముసుగు అనడం సరి కాదు. అది మరో రకమైన కట్టడం. అంతకు ముందు కిటికీ మీద నీడ కావాలంటే గోడ నుంచి చెక్క ఆనికలు బయటికి తెచ్చి వాటి మీద పెంకులు పరిచేవారు. కింద ఏ ఆధారమూ లేకుండా గోడ పొడవునా సాగే పలుచని చజ్జా, మూల తిరిగే వసారా ఇనుప చువ్వల కాంక్రీటుతో మాత్రమే సులువుగా సాధ్యమయ్యాయి. 1914లో పోరుబందరులో సిమెంటు ఉత్పత్తి మొదలైంది. 1936లో చాలా సిమెంటు కంపెనీలు కలిసి ఏసీసీ (అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీస్) గా ఏర్పడ్డాయి. ఆ దశాబ్దంలోనే సిమెంటు మధ్యతరగతి ఇళ్ల దాకా వచ్చింది. అదే కాలంలో జార్జిటౌనులో ఎల్.ఎం. చితాలే వంటి వాస్తుశిల్పులు బీమా కంపెనీలకు ఆర్ట్ డెకో భవనాలు గీశారు, ప్యారీస్ కూడలిలో డేర్ హౌస్ 1940లో పూర్తయింది. రోజూ ఆ వైపు కోర్టులకూ కార్యాలయాలకూ వెళ్లివచ్చే మైలాపూరు గృహస్థులు ఆ భవనాలను చూసే, తమ ఇంటి ముందు మెట్ల పిట్టగోడ కావాలని మేస్త్రీని అడిగి ఉంటారు.

పైగా ఆ మార్పుతో ఇంటి బతుకు కూడా మారింది. మోటారు కారు ఆగడానికి పోర్టికో, మేడ మీద చదువుకునే పిల్లలకు గది, విద్యుత్తు పంకా వచ్చాక అంత ఎత్తు అవసరం లేని కప్పులు అన్నీ ఒకేసారి వచ్చాయి. 1912 భాగం ఎంత నిజమైనదో 1938 భాగం అంతే నిజమైనది. రెంటిలో ఒకదాన్ని తీసేస్తే మిగిలేది సగం ఇల్లే.

ఇంకొక విషయం కూడా గమనించండి. ముంగిలి గారు కారుతోందన్న గది సరిగ్గా మేడ వసారాకు ఆనుకునే ఉంది. అంటే సున్నపు ఇటుక గోడ, సిమెంటు కాంక్రీటు కలిసే చోటు అది. ఎండకు ఈ రెండూ ఒకే మేరకు వ్యాకోచించవు, కాబట్టి ఆ అతుకు దగ్గర ప్రతి వేసవిలోనూ సన్నని పగులు తెరుచుకుంటుంది. ఏ శైలి అన్న ప్రశ్నకూ ఎందుకు కారుతోందన్న ప్రశ్నకూ జవాబు ఆ అతుకులోనే ఉందని నా అనుమానం.

నాలుగు_మాడవీధులు

లజ్ వైపు తోట బంగళాల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. పెద్ద ఆవరణల మధ్య ఎత్తైన స్తంభాల వసారాతో కట్టిన ఈ ఇళ్లు మొదట ఆంగ్ల వర్తకులవి, అధికారులవి. మద్రాసు హైకోర్టు భవనం 1892లో వచ్చింది. 1895లో విద్యుత్తు ట్రాములు మొదలయ్యాయి. వకీళ్లు జార్జిటౌనులోని కోర్టుకు దూరంగా, గుడికి దగ్గరగా, తోటల మధ్య ఉండటం సులువైంది. 1906లో అర్బత్‌నాట్ బ్యాంకు కూలిపోయాక, మరుసటి ఏడాది ఇండియన్ బ్యాంకు స్థాపనలో ముందున్న వి. కృష్ణస్వామి అయ్యర్ మైలాపూరు వకీళ్లలో ఒకరు. నెల్లూరు జిల్లాలో పుట్టి రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నివాసమూ లజ్ ప్రాంతమే.

తెలుగువారికి మరువరాని ఇల్లు శ్రీబాగ్. ఆంధ్రపత్రిక స్థాపకులు, అమృతాంజనం అధినేత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి నివాసం అది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్నది అక్కడే. ఆ పక్కనే ఆయన పేరుతో ఉన్న ఉద్యానంలో ఇప్పటికీ ఉదయం నడకకు వచ్చేవారు ఎందరో. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లోనే పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. ఆ ఇల్లు స్మారకంగా నిలిచింది. తోట బంగళాలలో చాలావాటికి ఆ అదృష్టం పట్టలేదు. ఆవరణ పెద్దది కావడమే వాటికి శత్రువైంది. ఒక బంగళా స్థానంలో అపార్టుమెంట్లు డజన్ల లెక్కన కట్టవచ్చు కనుక అవే ముందు కూలాయి. వాటితో పోలిస్తే ఇరుకు సందులలోని మీ వంటి ఇళ్లే ఎక్కువగా మిగిలాయి.

కోనసీమ_లోగిలి

కాలాన్ని పసిగట్టడానికి శైలి కంటే వస్తువుల మీది ముద్రలు నమ్మదగినవి. అయితే వాటినీ జాగ్రత్తగా చదవాలి. మంగుళూరు పెంకును తిరగేస్తే బాసెల్ మిషన్ (పెంకుల కర్మాగారాలు నడిపిన క్రైస్తవ మిషనరీ సంస్థ) ముద్ర, 1865 అన్న అంకెలు కనిపించవచ్చు. అది పెంకు చేసిన ఏడాది కాదు, వారి కర్మాగారం మొదలైన ఏడాది. ఆ అంకె చూసి ఇల్లు 160 ఏళ్లదని మురిసిపోయేవారు చాలామంది ఉన్నారు. ఇనుప దూలాల మీద డోర్మన్ లాంగ్ పేరు ఉంటే ఇంగ్లండు నుంచి వచ్చినవి. టాటా పేరు ఉంటే 1912కు ముందువి కావడానికి వీలు లేదు, ఎందుకంటే సాక్చిలో (నేటి జంషెడ్‌పూరు) ఉక్కు తయారీ మొదలైంది ఆ ఏడాదే. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి చిక్కాక బర్మా టేకు రావడం ఆగిపోయింది, కాబట్టి నిండుగా టేకు దూలాలున్న కప్పు చాలావరకు అంతకు ముందుదే అయి ఉంటుంది.

ముంగిలి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ ఆదివారం మా తమ్ముడితో కలిసి ఇల్లంతా చూశాను. ముంగిలి చుట్టూ ఉన్న వాలు కప్పు పెంకుల మీద 1865 ముద్ర ఉంది, కోనసీమ గారు ముందే చెప్పి ఉండకపోతే మేమూ మురిసేవాళ్లమే. వెనుక గదులలో దూలాలన్నీ టేకువి. ముందు గది పైన, వసారా కింద, రెండు ఇనుప దూలాలు ఉన్నాయి. రంగు గీకితే టాటా అన్న అక్షరాలు బయటపడ్డాయి. నేల వెనుక వైపు కడప రాయి, ముందు గదిలో ఎర్ర ఆక్సైడు గచ్చు.

మిద్దె మీద సిమెంటు పూత ఉంది. ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తు లేదు. వసారా కాంక్రీటు, పాత గోడ కలిసే చోట వేలిగోరు దూరేంత పగులు గది పొడవునా ఉంది. రేఖాచిత్రం గారి అనుమానం నిజమే. వసారా అడుగు భాగంలో కాంక్రీటు పెచ్చులు ఊడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. రెండింటికీ ఒకే మందు సరిపోతుందా?

డంగుసున్నం

సరిపోదు. రెండు కట్టడాలకు రెండు వైద్యాలు కావాలి, మధ్య అతుకుకు మూడోది కావాలి. పాత మిద్దె మీది సిమెంటు పూతను సమ్మెట వాడకుండా చిన్న ఉలితో మెల్లగా తీయించండి, కింది ఇటుక వరుసలు అదిరితే కప్పే ప్రమాదంలో పడుతుంది. తర్వాత గోడలో పొదిగిన ప్రతి దూలం చివరనూ సన్నని ఇనుప చువ్వతో గుచ్చి చూడండి. చువ్వ సులువుగా దిగితే ఆ చివరకు పక్క నుంచి కొత్త టేకు ముక్క కట్టి, లేదా గోడకు ఉక్కు ఆనిక బిగించి ఆధారం ఇవ్వాలి. దూలం మొత్తం మార్చనక్కర లేదు. పైపొర మళ్లీ సున్నంతోనే వేయాలి. దాని మీద కొత్త కాంక్రీటు పలక పోయమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, ఆ బరువు ఈ దూలాలకు లెక్కగట్టినది కాదు.

వసారాది వేరే జబ్బు. సముద్రం అంత దగ్గరలో ఉన్నచోట ఉప్పుగాలికి 1938 నాటి కాంక్రీటులోని చువ్వలు తుప్పు పట్టక మానవు. అక్కడ సున్నం పనికిరాదు. ఊడే భాగం తీసి, తుప్పు పూర్తిగా గీకి, కాంక్రీటు మరమ్మతు తెలిసిన ఇంజనీరు పర్యవేక్షణలో పూడ్పించండి. వసారా భారాన్ని ఇంకా మోయగలదా లేదా అన్నది ఆయనే పరీక్షించి చెప్పాలి, ఇక్కడ మాటల మీద తేల్చకూడదు. అతుకును మాత్రం గట్టి సిమెంటుతో మూయకండి, మళ్లీ పగులుతుంది. సాగే గుణమున్న పూరకం పెట్టి, పైన రాగి లేదా సీసపు రేకును పాత గోడలోకి పొదిగి, వసారా మీదికి వంచితే నీరు జారిపోతుంది.

న్యాయపత్రం

ఆస్తి వ్యవహారాలు చూసే వకీలుగా ఒక మాట. తమిళనాడులో 2012లో వారసత్వ కట్టడాల సంఘం (హెరిటేజ్ కమిషన్) చట్టం వచ్చినప్పటికీ, సాధారణ కుటుంబ గృహాలను నిలబెట్టేది చివరికి వారసుల అంగీకారమే. ఇలాంటి ఇళ్లు ఎక్కువగా కూలేది కప్పు కారడం వల్ల కాదు, అరడజను మంది వాటాదారులలో ఒకరికి డబ్బు అవసరమై, మిగిలినవారి దగ్గర ఆ వాటా కొనే సొమ్ము లేక. మరమ్మతు మొదలుపెట్టక ముందే అందరూ కూర్చుని, ఖర్చు ఎవరెంత భరిస్తారో, ఎవరైనా వైదొలగాలనుకుంటే వాటా విలువ ఎలా కడతారో కాగితం మీద రాసి రిజిస్టరు చేయించుకోండి. పని మధ్యలో తగవు వస్తే తెరిచిన కప్పుతో ఇల్లు వానలో నిలబడుతుంది.

రేఖాచిత్రం

దానితో పాటు, ఏదీ కదపక ముందే ప్రతి గది కొలతలు, ప్రతి తలుపు చిత్రం, పిట్టగోడ నమూనా తీసిపెట్టుకోండి. కిరణాల కమ్ములకు రంగు వేయాలనుకుంటే పాత పొరలను ఒక మూల వేలెడంత మేర గీకి చూడండి. అడుగున మొదటి రంగు దొరుకుతుంది. నేను కొలతలు తీసిన 1930ల ఇళ్లలో చాలావాటిలో అది లేత ఆకుపచ్చ లేదా మీగడ రంగు.

ముంగిలి

మా ఐదుగురిలో నలుగురు ఒప్పుకున్నారు. ఐదవవారితో వచ్చే వారం మాట్లాడతాం. ఏదీ పడగొట్టం అన్నంత వరకు అందరిదీ ఒకే మాట. డంగుసున్నం గారూ, పని ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

డంగుసున్నం

మీ నగరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. అవి ఆగి మిద్దె ఆరాక, జనవరి చివర సిమెంటు పూత తీయించండి. ఫిబ్రవరిలో దూలాల పని, మార్చిలోగా సున్నపు పొర పూర్తి కావాలి. మే నెల ఎండలో సున్నం వేస్తే తొందరగా ఆరి పగులుతుంది, కాబట్టి అప్పటి దాకా ఆగకండి. వేసిన తర్వాత కనీసం మూడు వారాలు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. సున్నాన్ని ఇప్పుడే కొని తొట్టిలో నీటి కింద నానబెట్టండి, నెలల తరబడి నానినదే మంచి సున్నం. ఈ వానాకాలానికి మాత్రం ఆ పగులు మీద తాత్కాలికంగా తారుపట్టా పరిచి, అంచులను ఇటుకలతో అదిమి ఉంచండి.